రెండో పిలుపు నేర్పిన కెప్టెన్ నరసింహం

కెప్టెన్ చావలి నరసింహం గారు ఇక లేరన్న కబురు వచ్చేసరికి నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్ల మీద ఉన్నాను. ఫోన్ చేసింది వారి భార్య భారతి గారు. "బాబూ, మీ సార్ పోయారు" అన్నారు. నా నోట వచ్చిన మొదటి మాట "ఎండదెబ్బా అమ్మా?" అన్నది. "కాదు నాయనా. అన్నం తిని పడుకున్నారు. గది చల్లగానే ఉంది, కూలర్ తిరుగుతూనే ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట" అన్నారు. ఎండ గురించి ఇంతమందికి చెప్పిన మనిషి నీడపట్టున, మంచం మీద, ఎవరికీ పనిపెట్టకుండా వెళ్లిపోయారు. ఈ మాట నమ్మడానికి నాకు కొన్ని రోజులు పట్టింది.

తార్నాకలో వారి ఫ్లాటు క్యాంపస్ నుంచి నడిచే దూరమే. కానీ ఆ రోజు బంద్. గేటు దగ్గర ముళ్లకంచె, అవతల పోలీసులు, ఇవతల మా విద్యార్థులు. ఇటు చెప్పుకుని, అటు చెప్పుకుని దాటేసరికి పొద్దువాలింది. ఈ తెలంగాణ ఉద్యమకాలంలో అలసట మాకు అలవాటైపోయింది. వాయిదా పడిన పరీక్షలు, కళ్లు మండించే పొగ, చదువుకునే వయసులోనే పోయిన స్నేహితుల సంతాపసభలు. దుఃఖపడటానికి కూడా ఒంట్లో కొంత ఓపిక మిగిలి ఉండాలని ఆయన పక్కన నేల మీద కూర్చున్నప్పుడు తెలిసింది. అందుకే వెంటనే రాయలేకపోయాను. ఇది ఆయనను ఎరగనివారి కోసం రాస్తున్నాను.

నరసింహం గారిది తెనాలి ప్రాంతం. ముప్పై ఏళ్ల కిందట హైదరాబాద్ వచ్చి, నగరం అంచున ఉన్న ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షకుడిగా కుదురుకున్నారు. పెద్ద విమానాలకు వెళ్లే అవకాశం వచ్చినా వెళ్లలేదు. "పెద్ద విమానం మనల్ని మోస్తుందోయ్. చిన్న విమానాన్ని మనం మోయాలి. నాకు మోత ఇష్టం" అనేవారు. పొట్టి మనిషి. ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. కుడిచెయ్యి ఎడమచేతి కంటే బాగా నలుపు. రెండు సీట్ల విమానంలో శిక్షకుడు కుడివైపు కూర్చుంటాడు. ముప్పై వేసవుల ఎండ ఆ చేతి మీదే పడింది.

నేను జనగామ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్‌లో పైచదువు చదువుతున్నవాణ్ణి, అడిక్‌మెట్‌లో గది. చిన్న విమానం పైన ఉండే గాజుమూత కింద ఎంత వేడి పుడుతుంది, అది మనిషిని ఏం చేస్తుంది అన్నది నా ప్రాజెక్టు. థర్మామీటర్లు, తీగలు మూటకట్టుకుని క్లబ్బుకు వెళ్లిన మొదటి రోజు, సీటు పక్కన, కాళ్ల దగ్గర, తల వెనక ఎక్కడెక్కడ అమర్చాలో వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, "విమానానికి జ్వరం చూస్తున్నావు, బాగానే ఉంది. లోపల కూర్చున్నవాడికి ఎక్కడ పెడతావు థర్మామీటరు?" అన్నారు. "ఇంజనీరూ, సాయంత్రం ఇంటికి రా. మా ఆవిడ పెసరట్లు వేస్తుంది. ఆలోచిద్దాం" అన్నారు. ఆ తరువాత ఆ ఇంటికి నేను లెక్కలేనన్నిసార్లు వెళ్లాను.

మనిషికి ఆయన పెట్టే థర్మామీటర్లు వేరు. ఎండాకాలం ఎవరు ఎగరాలన్నా ముందు ఉప్పు వేసిన పలచటి మజ్జిగ చెంబెడు తాగాలి. చిన్న విమానంలో మూత్రానికి వెళ్లే వీలుండదు కనుక పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారని ఆయనకు తెలుసు. అందుకని ఒంటికి వెళ్లొచ్చారా, ఏ రంగులో వచ్చిందని మొహమాటం లేకుండా అడిగేవారు. లాలాపేట్ నుంచి శైలజ అని ఒక అమ్మాయి నేర్చుకోవడానికి వచ్చేది. తండ్రి రైల్వే ఉద్యోగి, తాతల నాటి ఊరు భువనగిరి పక్కన. మొదటిసారి ఈ ప్రశ్న విని ఆ అమ్మాయి నోరు తెరిచింది.

"సార్, గిది కూడ చెప్పాల్నా?"

"చెప్పక్కర్లేదమ్మాయ్. పసుపుపచ్చగా ఉంటే ఇంటికెళ్లిపో. నీళ్లలా ఉంటే విమానమెక్కు."

"మా అమ్మకు తెలిస్తే గీడికి పంపది సార్."

"మీ అమ్మను కూడా అడుగుతాను, రమ్మను" అన్నారాయన. క్లబ్బంతా నవ్వింది.

ఎండ మొదట చేసేది ఒంటికి కాదు, బుద్ధికి అన్నది ఆయన పాఠంలో మొదటి వాక్యం. గాజుమూత వేసుకుని, రన్‌వే చివర వంతు కోసం నిలబడి ఉండగా లోపల కొలిమిలా అవుతుంది. పైకి వెళితే చల్లబడుతుంది; కానీ నేర్చుకునేవాళ్లు పైకి పోరు. లేవడం, చుట్టూ తిరగడం, దిగడం, మళ్లీ లేవడం, అంతా నేలను అంటిపెట్టుకునే. ఎండకు గాలి పలచబడి విమానం కూడా బద్ధకంగా లేస్తుంది. సరిగ్గా అప్పుడే మనిషి కూడా బద్ధకిస్తాడు. "తెలివి తప్పడమంటే తల వాలిపోవడం అనుకుంటారు మీరంతా. సినిమాల్లో అలాగే వాలిపోతారు. నిజంగా తప్పినప్పుడు కళ్లు తెరిచే ఉంటాయి. చెయ్యి విమానం నడిపే కర్ర మీదే ఉంటుంది. మనిషి మాత్రం ఉండడు. తెలివి తప్పినవాడికి ఆ సంగతి తెలియదు. పక్కవాడు కనిపెట్టాలి."

పక్కవాడు కనిపెట్టడం ఎలా అన్నదానికి ఆయన పెట్టిన ఆచారమే రెండో పిలుపు. గాలిలో ఉన్నప్పుడు ప్రతి మలుపుకూ 'తిప్పుతున్నాను' అని శిష్యుడు చెప్పాలి, గురువు 'ఊఁ' అనాలి. ఊఁ రాకపోతే రెండోసారి పిలవాలి. ఆ రెండో పిలుపు 'సార్' అని కాదు. ఒట్టి పేరుతో, గొంతు చించుకుని, 'నరసింహం!' అని. ఒకరి కర్ర బిగిస్తే రెండోవారిదీ కదలదు కనుక, అప్పటికీ పలకకపోతే ఆయన చేతిని కర్ర మీంచి లాగేసి విమానం తమ చేతిలోకి తీసుకోవాలి. అడగడం, ఆగడం లేదు. పెద్దవాళ్లు మౌనంగా ఉంటే ఏదో ఆలోచిస్తున్నారనీ, కోపంగా ఉన్నారనీ, కదిలించకూడదనీ మనకు చిన్నప్పటినుంచి నేర్పుతారు. ఆ నేర్పు కాక్‌పిట్‌లో ప్రాణం తీస్తుందని ఆయన భయం.

కొత్తగా చేరిన ప్రతివారి చేతా నేల మీద నిలబెట్టి తన పేరు పిలిపించుకునేవారు. పిల్లలు నలిగిపోయేవారు. సిద్దిపేట కుర్రాడొకడు చెంపలేసుకుని మరీ "పాపం తగుల్తది సార్" అన్నాడు. ఇంకొకడు ఎంత ప్రయత్నించినా "నరసింహం సార్" దగ్గరే ఆగిపోయాడు. "ఆ సార్ అనేలోపు నేల వచ్చేస్తుందిరా నాయనా" అన్నారు. శైలజ మాత్రం మొదటిసారే రేకుల షెడ్డు మారుమోగేలా కేకవేసింది. ఆయన చెవులు రుద్దుకుంటూ, "మా అమ్మ పోయాక నన్నెవరూ ఇంత చక్కగా పిలవలేదు" అన్నారు.

రెండేళ్ల కిందటి వేసవిలో ఉద్యమం ఊరిని పట్టి ఊపుతోంది. బంద్‌లు వరసగా వచ్చేవి. ఎండాకాలంలో ఎగరడమంతా తెల్లవారుజామునే ముగించాలన్నది క్లబ్బులో పాత పద్ధతి. కానీ పొద్దుటిపూట రోడ్లు మూస్తే ఎవరూ చేరలేరు. మధ్యాహ్నం తెరిచాక చేరేవారు. లైసెన్స్‌కు కావలసిన గంటలు పూర్తికాక పిల్లలు ఆందోళన పడుతుండేవారు. అలా కొద్దికొద్దిగా, ఎవరూ నిర్ణయించకుండానే, పొద్దుటి పని మిట్టమధ్యాహ్నానికి జరిగింది. ఎవరినైనా తప్పుపట్టాలంటే అందరినీ పట్టాలి. ఆయనను కూడా.

ఆ రోజు ఆయన తార్నాక నుంచి మౌలాలి దాటేదాకా నడిచి, అక్కడినుంచి ఎవరిదో స్కూటర్ వెనక కూర్చుని వచ్చారు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. శైలజ అప్పటికే ఉంది. ఆమె స్కూటీ మీద జై తెలంగాణ స్టిక్కర్ చూసి, మామూలుగా వేళాకోళం చేసే మనిషి ఆ రోజు విసుక్కున్నారు.

"మీ బంద్‌ల పుణ్యమా అని ఈ వయసులో పాదయాత్ర చేశానమ్మా. మీ చదువులు చెడగొట్టుకుని ఏం సాధిస్తారు?"

"యాభై ఏండ్లు మా నౌకరీలు, మా నీళ్లు చెడగొట్టినప్పుడు ఎవరన్నా అడిగిండ్రా సార్? మీరొక్క దినం నడిస్తే గింత కోపమొచ్చె."

"ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను. నేనూ 'మీరు' అయిపోయానా?"

"మీరే కద సార్ ముందుగాల 'మీ బంద్' అన్నది."

నేను తీగలు సర్దుకుంటున్నట్టు నటించాను. ఆ రోజుల్లో ఇటువంటి సంభాషణలు ప్రతి టీకొట్టులో జరిగేవి. ఇద్దరి మాటలోనూ నిజం ఉండేది. వినేవాడికి అలసట మాత్రమే మిగిలేది. ఇద్దరూ మౌనంగా విమానం వైపు నడిచారు. ఆయన మజ్జిగ చెంబు బల్ల మీదే ఉండిపోయింది. శైలజ తన వంతు ముందే తాగింది. ఆయన తాగలేదని తరువాత గుర్తొచ్చింది.

గాలిలో జరిగింది శైలజ చెప్పినదే నాకు తెలుసు. రెండు చుట్లు బాగానే తిరిగారు. మూడోసారి నేలకు దిగే ముందు ఆఖరి మలుపులో ఆమె "సార్, తిప్పుతున్న" అంది. ఊఁ లేదు. "ఇందాకటి లొల్లికి నారాజ్ అయిండనుకున్న. నేనూ బెట్టు చేసిన. మాట్లాడకుంటె మాయె, నాకేమన్న కొత్తనా దిగుడు అనుకున్న. కిందికి చూస్తె నేల దగ్గరికొస్తున్నది. ముక్కు లేపుదామంటె కర్ర కదులుతలేదు. సార్ చెయ్యి బిగుసుకపోయి ఉన్నది. కండ్లు తెరిచే ఉన్నయి. అప్పుడు అర్థమైంది, గిది అలుగుడు కాదని." శైలజ గొంతు చించుకుని పేరు పెట్టి పిలిచింది. ఆయన పలకలేదు. రెండు చేతులతో ఆయన వేళ్లు విడదీసి, కర్ర తన చేతికి తెచ్చుకుని, విమానాన్ని నేలకు దించింది. చక్రాలు నేలకు గట్టిగా తగిలాయి. ముందు చక్రాన్ని మోసే కాడ వంగింది. నేను షెడ్డు నుంచి చూస్తూ పరిగెత్తాను. మూత తీసేసరికి ఆయన ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. తడిగుడ్డలు చుట్టి ఆసుపత్రికి చేర్చాం. బతికారు.

మరునాడు వార్డులో ఆయన మంచం పక్కన శైలజ చున్నీ అంచు మెలిపెడుతూ నిలబడింది. "సార్, ముందుగాల ఊఁ అనలే, నా మీద కోపంతోనా?" అని చివరికి అడిగేసింది.

"కోపం రావాలంటే తెలివుండాలి కదమ్మాయ్" అన్నారాయన.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. వారం తిరిగాక క్లబ్బు కార్యదర్శి మా ముగ్గురినీ ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. క్లబ్బు మూతపడుతుందేమో అని భయపడిన మనిషి. "సార్, సీదా మాట. ట్రెయినీ ల్యాండింగ్ గట్టిగ అయింది, చక్రం వంగింది అని రాస్తం. పిల్ల కొన్నాళ్లు ఆగి మల్ల పరీక్షకు కూసుంటది. చిన్నది, ఏం కాదు. మీరు తెలివి తప్పినరని రాస్తె డాక్టర్లు మిమ్మల్ని ఎగరనియ్యరు. మీరు లేకుంటె క్లబ్ ఏడున్నది?"

శైలజ వెంటనే, "రాయుండ్రి సార్. నాకేమైతది" అంది.

కెప్టెన్ గారు ఆమె వైపు చూడకుండా కార్యదర్శికే చెప్పారు. "ఈ పిల్లకేమవుతుందో నేను చెప్తాను. రేపు ఏ ఉద్యోగానికి వెళ్లినా ఆ వంగిన చక్రం ముందు నడుస్తుంది, ఈమె వెనక నడుస్తుంది. విమానం దింపింది ఆమె. పక్కన బొమ్మలా కూర్చున్నది నేను. నేను మజ్జిగ తాగలేదు. నాలుక పిడచకట్టినా, పిల్లలు వారాల తరబడి ఎదురుచూస్తున్నారని ఎక్కేశాను. నా బుద్ధి నేల మీదే చెడింది. అలా రాయండి. నేను సంతకం పెడతాను."

"సార్, మల్లొకసారి సోచాయించుండ్రి."

"మంచం మీద పడుకుని అదే చేశానండీ. ఇంకొక మాట కూడా రాయండి. వేసవిలో ఎండ ముదిరినప్పటినుంచి దిగేదాకా రెండు సీట్ల విమానం లేవకూడదు. బంద్ వల్ల పొద్దున పోయింది పోయినట్టే. మధ్యాహ్నం పూడ్చకూడదు."

అనుకున్నట్టే అయింది. పరీక్షించిన డాక్టర్లు ఆయన గుండెలో వేరే లోపం కూడా చూశారు. ఆయన లైసెన్స్ అక్కడితో ముగిసింది. ముప్పై ఏళ్లు ఆకాశంలో బతికిన మనిషి ఒక్క సంతకంతో నేల మీదికి వచ్చేశారు. ఆ నెలలో ఒకసారి భారతి గారు నన్ను వంటింట్లోకి పిలిచి, "రాత్రిళ్లు నిద్రలో కుడిచెయ్యి కదుపుతున్నారు బాబూ, ఏదో తిప్పుతున్నట్టు. పగలు మాత్రం ఒక్క మాట అనరు" అని చెప్పారు. త్యాగం అన్న మాట ఆయన వాడలేదు. నేనూ వాడను. అది ఆయనకు చాలా ఖరీదైన పని అని మాత్రం అంటాను.

ఆ తరువాత మా విభాగంలో ఒక ప్రొఫెసర్ గారు ఆయనను పాఠాలు చెప్పడానికి పిలిచారు. తార్నాక నుంచి గొడుగు వేసుకుని నడిచి వచ్చేవారు. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర రాళ్లు, నినాదాలు కొంచెం సద్దుమణిగిన వేళ, హెల్మెట్, ఛాతీ కవచం తొడుక్కుని ఎండలో నిలబడిన కానిస్టేబుల్ దగ్గర ఆగారు. "బాబూ, ఇవాళ ఏ వారం?" అని అడిగారు. అతను జవాబు చెప్పలేక తడుముకున్నాడు. ఆయన అతని హెల్మెట్ విప్పించి, గొడుగు పట్టి, తన సీసాలో నీళ్లు తాగించారు. ఇవతలినుంచి మావాడొకడు అరిచాడు: "ఏంది సార్, మమ్మల్ని కొట్టెటోనికే నీళ్లు పోస్తున్రా? ఆంధ్రోళ్లు ఆంధ్రోళ్లే!"

"వీడిది నల్గొండేనటయ్యా, అడిగాను" అన్నారాయన వెనక్కి తిరిగి. "బుద్ధి చెడినవాడి చేతిలో లాఠీ ఉంటే అది ఎవరి మీద పడుతుందో వాడికి కూడా తెలియదు. మీ వీపుల కోసమే పోస్తున్నాను. మీరూ తాగండి, మీకూ నాలుకలు ఎండాయి." ఎవరో నవ్వారు. సీసా కంచె దాటి ఇవతలికి కూడా వచ్చింది.

తెలంగాణ వస్తుందా అని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, "వస్తే రానీ. నేను మాత్రం ఎక్కడికీ వెళ్లనోయ్, నాకు ఇంకో ఊరు లేదు" అన్నారు. ఆయన అస్థికలు ఏ నదిలో కలపాలని బంధువులు అడిగినప్పుడు భారతి గారు "దగ్గర్లో ఉన్నదాంట్లో" అన్నారు.

శైలజ ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక చిన్న కంపెనీకి విమానం నడుపుతోంది. అంత్యక్రియలకు అందలేదు. మూడో రోజున వచ్చింది. భారతి గారిని చూశాక నేనూ తనూ క్లబ్బుకు వెళ్లాం. ఎండ మండిపోతోంది. కార్యదర్శి లేచి శైలజ చెయ్యి పట్టుకుని, "సంతాపంగ ఒక దినం బంద్ పెడ్దామనుకున్న బిడ్డా. పెట్టే పనే లేకపాయె. గీ ఎండల ఎట్లైనా లెవ్వయి కద" అన్నారు. విమానాలు గుడ్డలు కప్పుకుని షెడ్డులో ఉన్నాయి.

కొత్త శిక్షకుడు యువకుడు, ఆ వారమే చేరాడు. కెప్టెన్ గారిని ఎన్నడూ చూడలేదు. పరీక్ష దగ్గరపడిన శిష్యుడొకడు ఉన్నాడని, పొద్దున బంద్ వల్ల గంట పోయిందని, ఈ నిబంధన ఎవరు పెట్టారో గాని ఇవాళ ఒక్కరోజుకు పక్కన పెడితే ఏమవుతుందని కార్యదర్శిని అడుగుతున్నాడు. కార్యదర్శి మా వైపు చూశారు. నాకు వాదించే ఓపిక లేదు. శైలజ కుర్చీ ఒకటి లాగి అతని ముందు వేసింది.

"కూసోండి సార్. ఆ నిబంధన పెట్టినాయన మొన్ననే పోయిండు. ఆయన దాని కోసం ఏమిచ్చిండో చెప్త. విన్నంక కూడ లేపుతనంటె లేపుండ్రి."

అతను కూర్చున్నాడు. ఆమె చెప్పింది, తన బెట్టుతో సహా, ఏమీ దాచకుండా. చెప్పడం అయ్యేసరికి అతను చేతిలోని విమానం తాళంచెవి బల్ల మీద పెట్టి, శిష్యుణ్ణి పిలిచి రేపు తెల్లవారకముందే రమ్మన్నాడు. బంద్‌లు మళ్లీ వస్తాయి. ఇలా అడిగేవాళ్లు మళ్లీ వస్తారు. ప్రతిసారీ ఒకరు కూర్చుని మొదటినుంచి చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ పని ఆయన ఒక్కరే చేశారు, విసుగు లేకుండా. మాకు ఆయనంత ఓర్పు లేదు. ఆయన స్థానంలో నిలబడగలవారు కనబడటం లేదు. ఎండ దిగేదాకా మేం నలుగురం ఆ షెడ్డు నీడలోనే కూర్చున్నాం. ఒక్క విమానమూ లేవలేదు.